కోళ్ల బంతిలో వలపక్షం

కోడిపిల్ల ముక్కులో మందుచుక్క వెయ్యడం ఎలాగో ఏ పుస్తకమూ సరిగ్గా చెప్పదు. పిల్లను ఎడమ అరచేతిలో పట్టుకోవాలి. తల బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నిలవాలి. ఒక ముక్కురంధ్రాన్ని వేలితో మూసి, రెండోదాని మీద చుక్క పెట్టి ఊరుకోవాలి. పిల్ల ఊపిరి పీల్చుకున్నప్పుడు చుక్క తనంతట తానే లోపలికి పోతుంది. తొందరపడి వదిలేశారా, తల విదిలించి మందంతా మీ ముఖాన కొడుతుంది. మీ ఉద్యోగం ఏమిటని ఎవరైనా అడిగితే నేను మొదట ఇదే చెబుతాను. వ్యాక్సిన్, పరిశోధన లాంటి పెద్దమాటలు ఆ తర్వాత.

నేను నగరిలో మగ్గాల ఇంట పుట్టి, పశువైద్యం చదివి, తిరుపతిలో ఒక కాలేజీ ప్రయోగశాలలో పనిచేసి రిటైరయ్యాను. ఇప్పుడు ఈ పనిలోకి వస్తున్న పిల్లలకు మా రోజుల గురించి నాలుగు మాటలు చెప్పాలని కూర్చున్నాను. ప్రమోషన్లూ సన్మానాలూ చెప్పను. అవి వినేవాళ్లకు ఆవలింతలు తెప్పిస్తాయి, చెప్పేవాళ్లకు పొగరు తెప్పిస్తాయి.

నాయన మందు

రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో మేము కొక్కెర తెగులు మీద పనిచేశాం. ఇది కోళ్లకు గాలి ద్వారా సోకే వైరస్ జబ్బు. కోడి నోరు తెరుచుకుని గురగురలాడుతుంది, పచ్చగా పారుకుంటుంది, మెడ మెలితిరిగి పడిపోతుంది. మన వైపు ఎండలు ముదిరితే ఊళ్లకు ఊళ్లు కోళ్లు లేకుండా పోయేవి. సూదిమందు ఉంది, కాదనను. కానీ అది ఐసులో ఉండాలి. మన పల్లెల్లో ఎండాకాలం ఐసు మనుషులకే దొరికేది కాదు. పైగా వైరస్ వచ్చేది ముక్కు దారిన, సూది కాపాడేది ఎక్కువగా రక్తాన్ని. కాపలావాడిని పెరట్లో పెట్టి వీధితలుపు తీసిపెట్టినట్టు అన్నమాట.

చంపిన వైరస్‌ను అతి సన్నని రేణువుల్లో పొదిగి ముక్కులో చుక్కగా వేస్తే అది లోపలి పొరకు అంటుకుని, నెమ్మదిగా విడుదలవుతూ, తలుపు దగ్గరే కాపలా కాస్తుందని మా ఆశ. ఎంత సన్నం అంటే, ఒక తలవెంట్రుకను నిలువునా కొన్ని వందల పోగులుగా చీల్చగలిగితే అందులో ఒక పోగంత. దీన్నే నానో వ్యాక్సిన్ అన్నారు. మా కోళ్ల షెడ్డులో పనిచేసే మునెమ్మకు ఆ మాట 'నాయన మందు' అని వినబడింది. తండ్రిని నాయన అని పిలిచే సీమలో ఇంకెలా వినబడుతుంది? కొన్నాళ్లకు కాలేజీ అంతా నాయన మందే అయింది. ఒకసారి పై అధికారుల ముందు మా విభాగానికి పెద్ద, మా పెద్దసారు కూడా నోరుజారి అదే అన్నారు.

ఈ పని మొదలుపెట్టింది హేమలత. కార్వేటినగరం దగ్గరి పల్లెలో ప్రభుత్వ పశువైద్యురాలు. చదువు సెలవు మీద నా దగ్గర డాక్టరేటుకు చేరింది. చేరిన రోజే చెప్పింది, "మేడం, మా ఆసుపత్రికి ఆడోళ్లు గంపల్లో కోళ్లు తెచ్చి సూపిస్తారు. అప్పటికే సగం సచ్చుంటాయి. ఏమీ సెయ్యలేక నేను మొగం తిప్పుకుంటాను. ఈసారి పోయేటప్పటికి సేతిలో ఏదో ఒకటి ఉండాల." ఆమె సెలవు మూడో ఏడు వేసవికి ముందే అయిపోతుంది. ఆలోపు పని ముగియకపోతే డిగ్రీ లేకుండా వెనక్కి పోవాలి, మళ్లీ సెలవు ఇచ్చేవాళ్లు లేరు.

రొయ్యపొట్టు చదువు

ఆ రేణువులకు ముడిసరుకు రొయ్యపెంకు నుంచి వస్తుంది. దాన్ని ఉడికించి, శుద్ధి చేసి తీసే పొడిని కైటోసాన్ అంటారు. అది బయటి దేశాల నుంచి రావడానికి నెలలు పట్టేది. మా పెద్దసారు చెంగల్రాయులు గారికి కోపం ముక్కు మీద ఉండేది. "రొయ్యలు మన సముద్రంలో లేవా? పోయి తెండి," అన్నారు. నేనూ హేమా నాయుడుపేట దాటి రొయ్యలు వొలిచే షెడ్డుకు పోయి, రెండు గోతాల నిండా పెంకు నింపుకుని బస్సు ఎక్కాం.

శ్రీకాళహస్తి వచ్చేసరికి బస్సులో సగంమంది కొంగులు ముక్కుకు కట్టుకున్నారు. కండక్టర్ మా దగ్గరికి వచ్చాడు.

"అమ్మా, ఆ మూటల్లో ఏముండాది?"

"రొయ్యపొట్టు. మందు తయారు చెయ్యడానికి," అన్నాను.

"ఎవురికి మందు?"

"కోళ్లకు."

ఆయన ఈల ఊది బస్సు ఆపించాడు. "కోళ్లు బతికేది సరే, ఈడ మనుషులు సచ్చిపోతాండారు. దిగండమ్మా," అని బస్టాండులో దించేశాడు. మా చుట్టూ ఊళ్లో కుక్కలన్నీ చేరాయి. చివరికి పేడ ఎరువు తీసుకుపోతున్న లారీవాడు ఎక్కించుకున్నాడు. ఆయన లారీకి మా వాసన ఒక లెక్క కాదు.

ప్రయోగశాల వెనక ఆ పెంకును క్షారంలో ఉడకబెట్టాం. లేడీస్ హాస్టల్ నుంచి పిల్లలు వరసకట్టి వచ్చి పోట్లాడారు. ఇంత చేస్తే ఏమైంది? ఒకసారి తీసిన పొడి బాగా కరిగేది, ఇంకోసారిది ముద్ద కట్టేది. ఇంటి ఊరగాయ ఎంత గొప్పదైనా ఒక జాడీ రుచి ఇంకో జాడీకి రాదు కదా. ఏడాదిలో మంచి భాగం ఇలా తగలేసి చివరికి బయటి సరుకే తెప్పించుకున్నాం. స్వదేశీ అభిమానం మంచిదే. కానీ ప్రయోగానికి కావలసింది నిన్నటిలాగే రేపూ ఉండే సరుకు. ఈ ముక్క పెద్దసారికి చెప్పడానికి నాకు చాలా ధైర్యం కావలసివచ్చింది.

మంచి సరుకు వచ్చాక పని కుదిరింది. చంపిన వైరస్ కలిపిన కైటోసాన్ ద్రవాన్ని గిర్రున తిప్పుతూ, దాన్ని రేణువులుగా మార్చే రెండో ద్రవాన్ని చుక్కచుక్కగా వదలాలి. తొందరపడితే గంజి అడుగంటినట్టు గడ్డలు కడుతుంది. సరిగా వస్తే నీళ్లు ఎక్కువైన పాలలాగా పలుచని నీలిఛాయ తేలుతుంది. ఆ నీలిఛాయ మొదటిసారి కనబడినప్పుడు హేమ సీసాను కిటికీ వెలుతురుకు పెట్టి ఎంతసేపో చూసింది. నా ఉద్యోగంలో నాకు మిగిలిన సంతోషాల్లో అదొకటి.

చావాల్సిన వరస

మందు పనిచేస్తుందా లేదా తేల్చడానికి ఒకటే దారి. కొన్ని పిల్లలకు మందు వెయ్యాలి, కొన్నింటికి వెయ్యకూడదు. కొన్నాళ్లాగి అన్నింటికీ అసలు వైరస్ ఇవ్వాలి. వెయ్యని వరస చచ్చి, వేసిన వరస బతికితేనే మందు గెలిచినట్టు. వెయ్యని వరస చావకపోతే వేసిన వరస బతకడానికి అర్థమే లేదు. ఈ పనిలోకి వచ్చేవాళ్లు ఈ మాటను మొదటి రోజే మింగాలి. మింగలేకపోతే వేరే పని చూసుకోవడం మంచిది, అందులో తప్పేమీ లేదు.

షెడ్డులో కుడివైపు పంజరాల్లో మందు పిల్లలు, ఎడమవైపు వట్టి పిల్లలు. చుక్కలు వేసేది మునెమ్మ. ఆమె చేతిలో పిల్ల బెదరదు, బెదరని పిల్ల చుక్కను చీదదు. హేమ పక్కన నిలబడి చూసుకునేది. అన్నీ అనుకున్నట్టే జరిగాయి. వైరస్ ఇచ్చాం. కుడివైపు పిల్లలు హాయిగా గింజలు తిన్నాయి. హేమ ముఖం వెలిగిపోయింది. తర్వాత ఎడమవైపు చూశాం. అవి కూడా హాయిగా గింజలు తింటున్నాయి.

రోజులు గడిచినా ఒక్కటీ తూగలేదు. పెద్దసారు వచ్చి షెడ్డు ఎగిరిపోయేలా అరిచారు. వైరస్ చచ్చిపోయిందేమోనని గుడ్లలో పెంచి చూశాం, అది నిక్షేపంగా ఉంది. ఇక దాచిపెట్టిన రక్తం నమూనాలు తీశాం. వైరస్ ఇవ్వకముందే ఎడమ వరసకు రక్షణ వచ్చేసి ఉంది. అంటే ఎవరో వాటికీ మందు వేశారు.

మునెమ్మను పిలిచి అడిగాను. ఆమె దాచలేదు, బెదరలేదు.

"ఔ డాక్టరమ్మా, నేనే పోసినాను. హేమమ్మ చెయ్యి కడుక్కునేకి పోయినప్పుడు పోసినాను."

"ఎందుకు పోసినావు మునెమ్మా?"

"సీసాలో మిగిలింది పారబొయ్యమన్నారు. పారబోసేది వాటికి పోస్తే తప్పేముండాది? పెండ్లిండ్లలో వడ్డించేదాన్ని నేను. ఈ పక్కన కూర్చున్నోళ్లకు వేసి ఆ పక్కనోళ్లను దాటిపొమ్మంటే నా చెయ్యి ఆడదు. బంతిలో వలపక్షం చూపించేది మహాపాపం."

మాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఫర్వాలేదని సామెత. మా ఎడమ వరస కోళ్లకు ఆ సామెత అక్షరాలా ఫలించింది.

హేమ బయటికి వెళ్లి నీళ్ల తొట్టి దగ్గర నిలబడింది. నేను మునెమ్మను కూర్చోబెట్టి చెప్పాను. "నువ్వు కాపాడినాననుకుంటున్నావు. వైరస్ ఇచ్చిన షెడ్డులోంచి ఏ కోడీ బయటికి పోదు. పోతే ఊరంతా జబ్బు పాకుతుంది. అందుకని రెండు వరసలూ పోవాల్సిందే. ఇప్పుడు మళ్లీ మొదటినుంచి చెయ్యాలి. నీ దయవల్ల ఇంకో వరస చావాలి."

మాట కొంచెం కఠినంగానే అన్నాను. ఆమె ఎడమవైపు పంజరాల దాకా పోయి వచ్చింది. తర్వాత, "ఆ వరస ఎందుకుండాదో నాకు ఎవురూ చెప్పలేదు గదమ్మా," అంది. అదీ నిజమే. పారబొయ్యమన్నాం గానీ ఎందుకో చెప్పలేదు. ఆ రోజు ఆమె తెచ్చుకున్న సద్ది మూత విప్పకుండానే ఇంటికి పోయింది. మునెమ్మ చేసింది తప్పు. ఇన్నేళ్ల తర్వాత కూడా నేను దాన్ని తప్పనే అంటాను. దయగలిగిన తప్పు కూడా తప్పే. ఆమె మీద నాకు ప్రేమ ఉండటం వేరే సంగతి.

ఎర్రపోగు, నల్లపోగు

పెద్దసారు రెండు తీర్పులు చెప్పారు. మునెమ్మను బర్రెల షెడ్డుకు మార్చడం ఒకటి. జరిగింది ఎక్కడా రాయకుండా ఇంకోసారి చేసి ఆ ఫలితమే చూపించడం రెండోది. ఇంకొక్కసారి చెయ్యడానికి హేమ సెలవు సరిగ్గా సరిపోతుంది. అదీ పోతే డిగ్రీ లేదు.

మొదటి తీర్పుకు హేమ ఒప్పుకోలేదు. "సార్, ఆమె లేకపోతే పిల్లలు బెదిరి చుక్కలు చీదేస్తాయి. ఆమె చేతికే రెండు సీసాలిద్దాం. ఒకదాంట్లో మందు, ఇంకోదాంట్లో వైరస్ లేని ఉత్త రేణువులు. రెండూ చూసేకి ఒకే మాదిరి ఉండాల. ఏది ఏదో ఆమెకు తెలీకూడదు, నాకూ మేడంకూ కూడా తెలీకూడదు."

మనుషుల మందులకు ఇలా చేస్తారని మాకు తెలుసు. మన కోళ్ల షెడ్లలో మాత్రం వట్టి వరసను ఊరికే వదిలేసేవాళ్లం. కోడికి ఏం తెలుస్తుందిలే అని అందరి ధీమా. కోడికి తెలియదు, నిజమే. చుక్క వేసే చేతికి తెలుస్తుంది, లెక్క చూసే కంటికి తెలుస్తుంది. దాన్ని ఆలోచించినవాళ్లు తక్కువ.

ఏది ఏదో ఒక మనిషికి తెలిసి ఉండాలి కదా. ఆ మనిషి పెద్దసారే అయ్యారు. మాకు నమ్మకం కుదరలేదు, ఎందుకంటే ఆయన నోట్లో నువ్వుగింజ నానదు. ఎవరికి బదిలీ అయినా వాళ్లకంటే ముందు టీ కొట్టువాడికి తెలిసేది. ఆయన తలుపు వేసుకుని సీసాలు నింపి, నేనిచ్చిన నూలుపోగుల్లో ఒకదానికి ఎర్రది, ఇంకోదానికి నల్లది కట్టి తెచ్చారు. ఆ రోజునుంచి మాతో టీకి రావడం మానేశారు. మేము ఎదురైతే దారి మార్చి గ్రంథాలయం వెనకనుంచి పోయేవారు.

ఈసారి మునెమ్మకు అంతా చెప్పాం. ఒక సీసా ఉత్తదని కూడా చెప్పాం. ఆమె రెండు సీసాలూ చేతిలో పెట్టుకుని చూసింది.

"యాది ఉత్తదో మీకు తెలీదా?"

"తెలీదు."

"హేమమ్మకూ తెలీదా?"

"తెలీదు."

"అట్లయితే పోస్తాను. రెండు వరసలకూ నా చెయ్యి ఒకటే," అంది. మిగిలినదాన్ని మా ముందే పారబోసింది.

వైరస్ ఇచ్చిన తర్వాత మొదట తూగింది ఎర్రపోగు వరస. నోళ్లు తెరిచి గురకపెట్టాయి, రెక్కలు వేలాడేశాయి, మెడలు తిరిగిపోయాయి. బాధ ముదిరినవాటిని అట్లాగే వదిలెయ్యకుండా నిద్రమందుతో పంపించేవాళ్లం. ఆ పని ఎప్పటికీ అలవాటు కాదు, కాకూడదు కూడా. నల్లపోగు వరసలో ఏవో కొన్ని నలతపడినా చాలావరకు నిలబడ్డాయి. కానీ నల్లపోగు మందో కాదో మాకేం తెలుసు? మా మందే కోళ్లను బలహీనం చేసి ఉంటే? ఉత్త రేణువులే వాటిని కాపాడి ఉంటే? హేమ రోజుకు నాలుగుసార్లు షెడ్డుకు వచ్చి లెక్క చూసుకునేది. ఆమె ఏడాదుల పని ఒక నూలుపోగు రంగు మీద ఆగి ఉంది.

చివరి లెక్క అయ్యాక పెద్దసారు షెడ్డుకు వచ్చారు. రెండు వరసలూ ఈ చివరనుంచి ఆ చివరదాకా చూశారు. "ఇన్నాళ్లూ నాకు కడుపుబ్బి పోయిందమ్మా," అన్నారు. "నల్లపోగే నీ మందు."

హేమ దాణా మూట మీద కూలబడి ఏడ్చింది. నాకూ కళ్లు తడిశాయి. మునెమ్మ చేతులు కడుక్కుంటూ, "అంటే ఎర్రపోగు వాటికి నేను పోసింది ఉత్తదా?" అని అడిగింది. ఔనన్నాను. "తెలిసుంటే పోసేదాన్ని కాదు," అంది. తర్వాత కొంగుతో హేమ ముఖం తుడిచి, "ఏడ్వబాకు తల్లీ, నీ నాయన మందు గెలిచింది గదా," అని పంజరాలు కడగడానికి వెళ్లింది.

గొప్పలు చెప్పుకోకూడదు. ఆ మందు బజారులోకి రాలేదు. నిలవ ఉంచితే రేణువులు గడ్డకట్టేవి, ఆ చిక్కు మేము విప్పలేకపోయాం. తర్వాత వేరేచోట్ల వేరేవాళ్లు మాకంటే బాగా చేశారు. దానికి నాకు బాధలేదు. ముక్కు దారిన కాపలా పెట్టవచ్చని మా షెడ్డులో మా కళ్లతో చూశాం, అంతవరకు చాలు.

మద్రాసు నుంచి వచ్చిన పరీక్షకుడు

హేమ థీసిస్ రాసేటప్పుడు పెద్దసారి రెండో తీర్పు మళ్లీ లేచింది. చెడిపోయిన ప్రయోగానికి ఆమె ఒక అధ్యాయం రాసింది. పెద్దసారు దాన్ని చూసి నెత్తి కొట్టుకున్నారు. "ఇది తీసెయ్యి. పరీక్షకుడి చేతికి నువ్వే కత్తి ఇచ్చి మెడ చాపుతాండావు. ఆయన నిన్ను ఫెయిల్ చేస్తే మళ్లీ రాసేకి నీకు సెలవు యాడుండాది?" ఆయన చెడ్డవాడై అన్న మాట కాదు, పిల్ల మీద భయంతో అన్నది. నిజానికి నాకూ భయంగానే ఉంది. హేమ ఆయన చెప్పిన మిగతా సవరణలన్నీ చేసింది. అధ్యాయం మాత్రం తియ్యలేదు.

పరీక్షకుడు మద్రాసు నుంచి వచ్చిన తమిళుడు, నెమ్మదస్తుడు. తెలుగు కొంత అర్థమవుతుంది, కాస్త మాట్లాడతారు కూడా. గది నిండా మా కాలేజీ వాళ్లం కూర్చున్నాం. ఆయన పుస్తకం తెరిచి తిన్నగా ఆ అధ్యాయానికే పోయారు. ఇది లేకపోయినా మీ థీసిస్ నిలబడుతుంది, పైగా ఇది మీ షెడ్డు పరువు తీస్తోంది, ఎందుకు పెట్టారని ఇంగ్లీషులో అడిగారు. పెద్దసారు నా వైపు చూడకుండా కిటికీ వైపు తిరిగారు.

హేమ ఇంగ్లీషులోనే మొదలుపెట్టింది. ఒక మాట దగ్గర ఆగిపోయింది. దానికి ఇంగ్లీషు దొరకలేదు. చివరికి తెలుగులో అనేసింది.

"పెట్టకపోతే బంతిలో వలపక్షం అవుతుంది సార్."

ఆయన నుదురు చిట్లించారు. పక్కనుంచి ఎవరో తమిళం తెలిసినవాళ్లు సాయం చేశారు. ఆయన ముఖం విప్పారింది. "ఓ, పంది," అన్నారు. తమిళంలో భోజనాల బంతిని పంది అంటారు. గదినిండా పశువైద్యులం, మాకు పంది అంటే ఒకటే తెలుసు. అందరూ ఘొల్లుమన్నారు, ఆయనా నవ్వారు. నవ్వు తగ్గాక పుస్తకం మీద వేలు పెట్టి మళ్లీ అడిగారు, "ఈ బంతిలో కూర్చున్నది ఎవరమ్మా?"

హేమ నవ్వలేదు.

"మొదటిసారి చచ్చిన కోళ్లు, రెండోసారి చచ్చిన కోళ్లు సార్. రెండుసార్లవీ ఒకే పనికోసం చచ్చినాయి. నాకు పనికొచ్చిన వరస పేరు రాసి, పనికిరాని వరసను దాటిపోతే..."

అంతవరకు చెప్పి కూర్చుంది.  పరీక్షకుడు పుస్తకం మూసి, ఇంకో ప్రశ్న అడగకుండా ఆమోదపత్రం మీద సంతకం చేశారు.